ఎర్రచేతుల కేసు

"నేరం ఎంత లోతున దాక్కున్నా సరే, నా చూపు దాని కాలర్ పట్టుకుని బయటికి లాగుతుంది. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు అమ్మడూ, సమాచారం."

ఈ ప్రకటన షెడ్డు తలుపు అవతల నుంచి వినపడింది. ఆ తలుపు లాగితే తెరుచుకుంటుంది. ఆయన నెడుతున్నాడు. అక్క వెళ్ళి తీసింది. వీధిలో వాళ్ళందరికీ ఆమె అక్కే.

వచ్చినాయన ఆమె బాబాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో ముప్పై ఏళ్ళు అద్దాలు అరగదీసి, పని మానేసిన రోజున ఒక భూతద్దం ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాటి నుంచి డిటెక్టివ్ అయిపోయాడు. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారు. తన గొడుగు పోయినప్పుడు నలుగురిని అనుమానించి, అయిదో అనుమానితుణ్ణి ప్రశ్నించడానికి వానలో అదే గొడుగు వేసుకుని వెళ్ళాడు. ఆ కేసు తన విజయాల జాబితాలో మొదటిదని ఇప్పటికీ చెబుతాడు.

అక్కది పాలిష్ పని. పాత కుర్చీలకీ బల్లలకీ వార్నిష్ గీకి, నునుపు చేసి, కొత్త పూత వేస్తుంది. అదే షెడ్డులో పక్క బల్ల దగ్గర వడ్రంగి మేస్త్రి విరిగిన కాళ్ళు అతుకుతాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఆయన రోజుకి నాలుగైదు మాటలకి మించి మాట్లాడడు. మాట్లాడితే అందులో రెండు "మేకు ఏదీ" అనే.

రెండు నెలలుగా అక్క చేతులు బాగాలేవు. మొదట వేళ్ళ సందుల్లో కాస్త ఎరుపు. తర్వాత అరచేతుల నిండా దురద, పొక్కులు, చీలికలు. మందుల షాపులో ఇచ్చిన లేపనాలన్నీ అయిపోయాయి. పూత సరిగ్గా పట్టిందో లేదో వేలికొసలతో తడిమితేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆ వేళ్ళకి మంట తప్ప ఇంకేం తెలియడం లేదు. పని మానేసి చెల్లెలి బట్టల కొట్లో కూర్చుందామని నిన్ననే అనుకుంది. ఆ మాట ఇంకా మేస్త్రికి చెప్పలేదు, నోరు రాక.

"ఏదీ, చేతులు చూపించు," అని బాబాయి భూతద్దం పెట్టాడు. చాలాసేపు చూశాడు. "ఎవరో నీ మీద చేయి చేసుకున్నారు."

"చేయి కాదు బాబాయ్, రెండు చేతులూ."

"ఇది విషప్రయోగం. నా దూరదృష్టికి స్పష్టంగా కనపడుతోంది."

"దురద ఉన్నది నాకు, దృష్టి మీకు. బాగానే పంచుకున్నాం," అంది అక్క.

ఆయన వినలేదు. ఘటనాస్థలంలో తన వేలిముద్రలు పడకూడదని చుట్టూ చూసి, మేకుకి వేలాడుతున్న రబ్బరు గ్లవ్స్ జత తీసి తొడుక్కున్నాడు. థిన్నర్ డబ్బా వాసన చూసి ఏడుసార్లు తుమ్మాడు. గరుకు కాగితాన్ని జేబులో పెట్టుకుని, అది సాక్ష్యం అన్నాడు. తర్వాత మేస్త్రి ముందు స్టూలు వేసుకు కూర్చున్నాడు.

"పోయిన నెలంతా ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"ఏం చేస్తున్నారు?"

"కుర్చీ."

"సాక్షులు?"

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "కుర్చీ."

బాబాయి నోటుబుక్కులో రాసుకుని లేచాడు. అక్క చెయ్యి ఎత్తి మణికట్టు చూపించాడు. "గమనించారా? ఎరుపు ఇక్కడ గీత గీసినట్టు ఆగిపోయింది. అంగుళం అటూ ఇటూ లేదు. అంటే నేరస్థుడికి కొలతలు తెలుసు. ఈ షెడ్డులో కొలతలు తెలిసిన మనిషి ఎవరు?"

మేస్త్రి చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు. చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, అక్క వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

"బాబాయ్, మీకేమైనా మతి ఉందా?" అంది అక్క.

"నిజం చేదుగానే ఉంటుంది అమ్మడూ."

మర్నాడు మేస్త్రి రాలేదు. బాబాయి నోటుబుక్కులో "పరారీ" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. అక్క ఒక్కతే షెడ్డులో కూర్చుంది. సుత్తి చప్పుడు లేని ఆ గది ఆమెకి వేరేవాళ్ళ ఇంట్లా తోచింది. చేతులు బాగుండి ఉంటే ఆ రోజే మేస్త్రి ఇంటికి వెళ్ళేదేమో. ఏ మొహంతో వెళ్ళాలో తెలియక ఆగిపోయింది.

మూడో రోజు పొద్దున్నే పిన్ని బాబాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చేతులకి ఇంకా ఆ గ్లవ్స్ ఉన్నాయి.

"రెండు రోజులుగా తీస్తే ఒట్టు," అంది పిన్ని. "వాటితోనే పేపరు చదివారు, వాటితోనే పడుకున్నారు. రాత్రంతా గోక్కుంటూనే ఉన్నారు."

బాబాయి గొంతు తగ్గించాడు. "నేరస్థుడు నన్నూ వదల్లేదు అమ్మడూ. దర్యాప్తు వాణ్ణి వణికిస్తోంది."

పిన్ని ఇక మాటలు చాలనుకుంది. ఇద్దరినీ లేవదీసి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ముందు అక్క చేతులు చూసింది, తర్వాత బాబాయి వైపు తిరిగి, "ఆ గ్లవ్స్ తీయండి," అంది.

"సాక్ష్యం చెరిగిపోతుంది."

"తీయండి."

తీశాడు. అవే పొక్కులు, అదే ఎరుపు. మణికట్టు దగ్గర అదే గీత. డాక్టరమ్మ రెండు జతల చేతుల్నీ పక్కపక్కన బల్ల మీద పెట్టించింది.

"మీరిద్దరూ ఒకేచోట పనిచేస్తారా?"

"ఆయన పనే చేయరు," అంది పిన్ని.

"అమ్మా, మీరు కూడా ఇలాంటి గ్లవ్సే వాడుతున్నారా?"

"రెండు నెలల నుంచి, పొద్దస్తమానం," అంది అక్క. "అంతకుముందు వార్నిష్ జిడ్డు పోవడానికి థిన్నర్‌తో చేతులు కడుక్కునేదాన్ని. కాస్త ఎర్రబడితే, ఇవి వేసుకోవడం మొదలుపెట్టాను."

"థిన్నర్ మీ చర్మంలో ఉన్న నూనెంతా లాగేసింది. ఆ పొడిబారిన చర్మం మీద, లోపల చెమట పట్టేలా రోజంతా రబ్బరు. ఎరుపు గ్లవ్స్ ఎక్కడ ఆగితే అక్కడే ఆగింది చూడండి. ఒక పరీక్ష చేసి ఖాయం చేసుకుందాం. పెద్దాయనా, మీకు ఇంతకుముందు రబ్బరుతో దురద ఎప్పుడైనా వచ్చిందా?"

"కొత్త చెప్పులు కొన్నప్పుడు వచ్చింది," అంది పిన్ని. "అప్పుడు చెప్పుల షాపతన్ని వారం రోజులు వెంబడించారు."

బాబాయి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"దొరికారుగా," అంది పిన్ని, "రెడ్ హ్యాండెడ్‌గా."

థిన్నర్ చేతికి తగలకూడదని, మామూలు సబ్బుతో కడుక్కోమని, రబ్బరు కాని గ్లవ్స్ లోపల నూలు తొడుగు వేసుకోమని, పూతమందు రాస్తే కొన్ని వారాల్లో తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. పని మానక్కర్లేదా అని అక్క రెండుసార్లు అడిగింది. అక్కర్లేదని రెండుసార్లూ చెప్పింది.

బయటికి రాగానే బాబాయి ఛాతీ విరుచుకున్నాడు. "సొంత శరీరం మీద ప్రయోగం చేసిన డిటెక్టివ్‌ని ఎక్కడైనా చూశావా?"

"ముందు మేస్త్రి ఇంటికి పదండి," అంది అక్క.

మేస్త్రి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. విషయమంతా విని తల దించుకున్నాడు.

"ఆ గ్లవ్స్ నేనే కదమ్మా తెచ్చింది. నీ చేతులు చూడలేక," అన్నాడు. "అయితే ఈయన చెప్పింది నిజమే. నేనే చేశాను."

అంత పొడవైన మాట ఆయన నోట అక్క ఎప్పుడూ వినలేదు. ఎదురుగా అరుగు మీద కూర్చుంది.

"చేతులు కాపాడదామని తెచ్చారు మేస్త్రీ. పదకొండేళ్ళుగా నా చేతుల వైపు చూసిన మనిషి ఇంకెవరున్నారు? బట్టల కొట్టుకి పోదామనుకున్నాను. ఇక పోను. రేపు రండి. అక్కడ ఒక్కదాన్నే కూర్చోలేను."

మేస్త్రి బాబాయి వైపు చూశాడు.

"అనుమానితుల జాబితా నుంచి మిమ్మల్ని సగౌరవంగా తొలగిస్తున్నాను," అన్నాడు బాబాయి. పిన్ని మోచేత్తో పొడిచింది. "తప్పు నాదే మేస్త్రీ. మిమ్మల్ని అలా అని ఉండకూడదు," అన్నాడు ఈసారి మామూలు గొంతుతో.

మేస్త్రి తలూపాడు. లోపలికెళ్ళి బాబాయికీ పిన్నికీ కుర్చీలు తెచ్చి వేశాడు.

బాబాయి నోటుబుక్కు తీశాడు కానీ, మందు రాసిన వేళ్ళ మధ్య పెన్ను నిలవలేదు. మేస్త్రి పెన్సిల్ ఇచ్చాడు, అదీ జారింది. చివరికి పుస్తకం పిన్ని ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు రాయి. నేరస్థుడు, రబ్బరు గ్లవ్స్. మూడు రోజుల తీవ్ర దర్యాప్తు అనంతరం పరిశోధకుడు వాటిని పట్టుకున్నాడు."

"పట్టుకోవడమెక్కడ? తొడుక్కున్నారు," అంది పిన్ని.

బాబాయి కాసేపు ఆలోచించాడు. "సరే, తొడుక్కున్నాడు అనే రాయి. ఇంతవరకు ఏ డిటెక్టివూ ఆ పద్ధతి వాడలేదు."

మేస్త్రి నవ్వాడు. ఆయన పళ్ళు అంత వరసగా ఉంటాయని అక్కకి అప్పుడే తెలిసింది.