చన్నీళ్ల అల్లుడు

ఆ ఉదయం కెన్సుకె అనుకున్నది చాలా చిన్న పని. ఆస్పత్రికి వెళ్లి పరీక్ష ఫలితం కనుక్కుని, మామగారు ఇసావో బాయిలర్ వెలిగించే వేళకు ఇల్లు చేరడం. ఒసాకాలో ఆ సందు సందంతా స్నానం చేసేది మామగారి స్నానశాలలోనే. మగపిల్లలు లేని ఇల్లు కావడంతో కూతురు మిసుజుకు కెన్సుకెను ఇల్లరికం తెచ్చుకుని, తమ ఇంటిపేరు కూడా ఇచ్చారు. పెళ్లయి రెండేళ్లు. వచ్చిన ప్రతి ముసలాయనా వీపు రుద్దుకుంటూ "వారసుడెప్పుడయ్యా?" అనేవాడు. పిల్లలే కలగకపోతే ఈ అల్లుడు దేనికి అనుకుంటారేమోనని కెన్సుకెకు ఒకటే గుబులు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. వీర్యకణం తల బహు చిన్నది. పెద్ద బొంతను చిన్న అలమారాలో కుక్కినట్టు, క్రోమోజోములన్నీ అందులో బిగుతుగా చుట్టుకుని ఉండాలి. కెన్సుకెవి వదులుగా ఉన్నాయి, దారిలోనే తెగిపోతున్నాయి.

"వాటికి వేడి పడదు. మూడు నెలలు వేడినీళ్ల తొట్టెలో దిగకండి. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

కెన్సుకె చెప్పాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మధ్యాహ్నం స్నానశాల తెరిచామని గుర్తుగా గుమ్మానికి తెర కట్టగానే, పాత ఖాతాదారులతో పాటు ఇంటి మగవాడు తొట్టెలో దిగి, నీళ్లు బాగున్నాయనాలి. ఆ నీళ్లే కొంప ముంచుతున్నాయని మామగారితో ఏ నోటితో చెప్తాడు? మోకాలి నొప్పన్నాడు. వేడినీళ్లను మించిన మందు లేదన్నారు. జలుబన్నాడు. మెడదాకా మునగమన్నారు. కడుపునొప్పన్నా, నిద్ర లేదన్నా, ఆ సందులో వైద్యం ఒక్కటే. ఇక లాభం లేదనుకుని, కుళాయి కింద జుట్టు తడుపుకుని, బుగ్గలు ఎర్రబడేలా రుద్దుకుని, అప్పుడే తొట్టెలోంచి లేచినవాడిలా తువ్వాలుతో తిరగసాగాడు.

టోఫు కొట్టు హత్తా తాత పసిగట్టాడు. ఇంటి అల్లుడే దిగడం లేదంటే నీళ్లలో ఏదో ఉందన్నాడు. నీళ్లలో కాదు, అల్లుడి వీపు మీదే ఏదో ఉందన్నాడు మంగలి. పచ్చబొట్టట. సందు మలుపు తిరిగేసరికి ఆ పచ్చబొట్టు డ్రాగన్ అయింది. అక్కడ వీపు మీద డ్రాగన్ అంటే రౌడీ ముఠాల ముద్ర. డ్రాగన్ ఉన్నాక ముఠా లేకుండా ఉంటుందా? వారం తిరక్కుండా జనం వంతెన అవతలి స్నానశాల దారి పట్టారు.

చివరికి ఇసావో, మిగిలిన నలుగురు ఖాతాదారుల ముందే అల్లుణ్ని బట్టలు మార్చుకునే గదిలో నిలబెట్టాడు.

"విప్పు."

"మామయ్యా, అది కాదు..."

"నా ఇంటిపేరు ఇచ్చాను నీకు. విప్పవయ్యా."

కెన్సుకె విప్పాడు. హత్తా తాత అద్దాలు పెట్టుకుని మరీ వెతికితే ఒక పుట్టుమచ్చ దొరికింది. ఇక దాచలేక, వీర్యకణాలూ బొంతా అలమారా అన్నీ గడగడా చెప్పేశాడు కెన్సుకె. ఆ కంగారులో, ఆడవాళ్ల వైపుకూ మగవాళ్ల వైపుకూ మధ్య ఉన్న గోడ పైకప్పు దాకా ఉండదన్న సంగతే మరిచాడు.

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు సుమియె గొంతు గోడ మీదుగా వచ్చింది. "ఏమండీ, మనకూ నాలుగేళ్లు పిల్లల్లేరు. బాయిలర్ పాడై చలికాలమంతా మూసేసిన ఏడే కదా మిసుజు కడుపున పడింది."

ఇసావో ముఖం కందగడ్డయింది. తర్వాత కళ్లు చెమ్మగిల్లాయి. "నాతో ఒక్క మాట అనకూడదటయ్యా? ఈ మూడు నెలలూ నీతోపాటు నేనూ చన్నీళ్లలోనే."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మామా అల్లుళ్లు చన్నీళ్ల తొట్టెలో పళ్లు టకటకలాడిస్తూ కూర్చునేవారు. విషయం గోడ దాటింది కాబట్టి, సందులోని అత్తలంతా తమ అల్లుళ్లను తరిమారు. వంతెన దాటిన జనం తిరిగొచ్చి చన్నీళ్లకు వరుసకట్టారు. వేడినీళ్ల తొట్టెలో హత్తా తాత ఒక్కడే మహారాజులా తేలాడు.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ, క్రోమోజోముల చుట్టలు బిగుసుకున్నాయనీ ఇక ఆశ పెట్టుకోవచ్చనీ చెప్పింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర కాల్చిన చేప వాసనకు ఒకరికి వికారం పుట్టింది. అందరూ ఆశగా మిసుజు వైపు చూశారు. చేత్తో నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది మాత్రం నలభై అయిదేళ్ల అత్తగారు.

ఏడాది తిరిగేసరికి స్నానశాలకు వారసుడొచ్చాడు. కెన్సుకెకు వరసకు బావమరిది.