వేపాకు తోరణం

ఆ ఉదయం రచన అనుకున్న పని చాలా చిన్నది. చిక్కడపల్లి వెనక బస్తీలో హాలు తెరవాలి, వచ్చినవాళ్లకు నచ్చజెప్పాలి, నర్సు మనోరమ చేత రక్తనమూనాలు తీయించాలి. కరోనా ఎంతమందికి తెలియకుండానే వచ్చిపోయిందో తేల్చే పరిశోధన అది. కానీ రక్తమిస్తే అంబులెన్సులో ఎత్తుకుపోతారని బస్తీ అంతా బెదిరిపోయి ఉంది. ఈరోజూ ఎవరూ రాకపోతే ఈ బస్తీని వదిలేస్తామని పైవాళ్లు చెప్పేశారు. అప్పుడు పాలమూరు నుంచి కూలికొచ్చిన ఈ జనం గోడు టీకాలవాళ్ల చెవిన పడదు. రచన బెంగంతా అదే.

బోసి గుమ్మం చూసి ఎవరొస్తారని తోరణం కట్టాలనుకుంది. నారాయణగూడ మార్కెట్ మూసి ఉంది, మామిడాకులు లేవు. ఆకు ఏదైతేనేం, పచ్చగా ఉంటే చాలదా! వేపరెమ్మలు విరిచి కట్టింది, గడపకు పసుపు కూడా రాసింది. అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్ల, పాపం. గుమ్మానికి వేపరెమ్మలు కడితే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థమనీ, బయటివాళ్లు గడప తొక్కరనీ ఆమెకెవరు చెప్పారు?

బస్తీకి పెద్దదిక్కయిన బుగ్గమ్మ, రచనకిచ్చిన మాట ప్రకారం వచ్చింది. దూరంగానే చెప్పులు విడిచి తొంగిచూసింది. ఉక్కపోతకు రచన నుదుటి మీద ఎర్రటి పొక్కులు లేచి ఉన్నాయి. ఇంకేముంది! బుగ్గమ్మ వెనక్కి పోయి బిందెడు నీళ్లు తెచ్చి గడప ముందు అమ్మవారికి సాక పోసింది. వెనకే ఆడవాళ్లు పెరుగన్నం గిన్నెలతో దిగారు. బస్తీలో డప్పు కొట్టే ఓదెలు తన డప్పు తెచ్చి మెల్లగా మొదలుపెట్టాడు. రచన లోపలికి రమ్మన్నకొద్దీ జనం వెనక్కి జరిగి దండాలు పెడుతున్నారు.

"గాలి తగులనియ్యకు బిడ్డా. వేపాకు పరుచుకొని పండుకో. తల్లి చల్లవడ్డంక మేమే వస్తం," అంది బుగ్గమ్మ.

అప్పటికి రచనకు విషయం తలకెక్కింది. అమ్మవారే రక్తం అడుగుతోందని చెప్పమనీ, ఇవ్వనివాళ్లు ఒక్కరు కూడా మిగలరనీ మనోరమ చెవిలో ఊదింది. రచన మనసు ఒక్క క్షణం ఊగింది కూడా. కానీ తమ నోటి దగ్గరి కూడు తెచ్చి పెట్టినవాళ్లను మోసం చేయడానికి మనసొప్పలేదు. వేపరెమ్మలు పీకేసింది.

"నాకు అమ్మవారు పొయ్యలేదవ్వా. మామిడాకు దొరక్క ఇది కట్టిన. ఇవి చెమటకాయలు."

డప్పు ఆగిపోయింది. అంతా అయిపోయిందనుకుంది రచన. బుగ్గమ్మ దగ్గరికొచ్చి ఆ నుదురు తడిమి చూసింది.

"దండాలు పెట్టిచ్చుకొని ఊకుంటే అయిపోతుండె. అయినా నిజం చెప్పినవ్. మరి రక్తమిస్తే తోల్కపోతరా?"

"తోల్కపోరు. పేరు కూడా బయటికి రాదు."

"నువ్వు ఇచ్చినవా?"

రచన తల దించుకుంది. "లేదవ్వా. నాకు సూదంటే భయం."

ముందు ఆమెనే ఇమ్మని, తాను పక్కనే కూర్చుంటానని బుగ్గమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. మనోరమ సూది గుచ్చిందో లేదో, రచన కళ్లు తేలేసింది.

తెలివొచ్చేసరికి ఆమె తల బుగ్గమ్మ ఒళ్లో ఉంది. ఓదెలు చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. వాడి వెనక వరుస వీధిలోకి సాగింది.

"గింత సూదికే పడిపోయింది. గీ పిల్ల మనల్నేం ఎత్తుకపోతది?" అంటున్నాడు వెనకవాళ్లతో.

సాయంత్రం నివేదికలో, ప్రజల నమ్మకం ఎలా సంపాదించారన్న చోట, 'స్పృహ తప్పి' అని రాయడానికి రచనకు చెయ్యి రాలేదు.