కుర్చీల దాత

మేడమెట్ల కింద గదిలో చీపురు పెట్టుకోవడానికి కూడా చోటు లేదని భార్య మళ్ళీ మొదలుపెట్టడంతో, పళ్ళ డాక్టరు ఆ ఉదయం కాఫీ తాగుతూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ గది నిండా పాత కుర్చీలు. ఒకదానికి కాలు లేదు, ఒకదానికి వీపు లేదు, మిగతావాటికి అన్నీ ఉన్నా ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు. పాత సామాన్లవాడు వాటిని చూసి, పట్టుకెళ్ళాలంటే తనకే ఎదురివ్వాలన్నాడు.

"వీధి చివర కళాకుటీరం వాళ్ళు కుర్చీలు కావాలని బోర్డు పెట్టారుగా. వాళ్ళకి ఇచ్చేద్దాం," అన్నాడు డాక్టరు.

కళాకుటీరం ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ. రిటైరైన డ్రాయింగు టీచరు ఒకాయన, అందరికీ బొమ్మల మాస్టారు, దాన్ని అద్దెకు తీసుకుని ఎవరి పెత్తనమూ లేకుండా, చుట్టుపక్కలవాళ్ళు తలా ఇంత ఇచ్చే విరాళాలతో నడుపుతున్నాడు. సాయంత్రం పనులు ముగించుకున్న పెద్దవాళ్ళు అక్కడ చేరి బొమ్మలు గీస్తారు, పాడతారు, ఆఖర్న ఒక గంటసేపు మాటా పలుకూ లేకుండా కూర్చుని ఎవరి బతుకు గురించి వాళ్ళు ఆలోచించుకుంటారు. డాక్టరు భార్యకి ఆ చోటంటే గౌరవం. డాక్టరుకి అది దగ్గరలో ఉండటం నచ్చింది, వ్యాను కిరాయి కలిసొస్తుంది.

"విరిగినవి ఎలా ఇస్తామండీ? సిగ్గుచేటు కాదూ?" అంది ఆమె.

"దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదన్నారు," అన్నాడు, ఇన్నేళ్ళూ పళ్ళు లెక్కపెట్టే ఇల్లు గడిపిన డాక్టరు.

ఇల్లు మేడ మీద, క్లినిక్ కింద. క్లినిక్ ముందు హాల్లోకి కొత్త కుర్చీలు వచ్చి నెల కూడా కాలేదు. మెత్తటి సీట్లు, చేతులు ఆనించుకునే వీలు, వెనక తల వాల్చుకునే దిండు. పన్ను నొప్పి తగ్గిపోయినవాళ్ళు కూడా వచ్చి కాసేపు కూర్చుని వెళ్తున్నారు.

వ్యాను వచ్చే వేళకి డాక్టరు లోపలి గదిలో ఒక లాయరు నోట్లో మణికట్టుదాకా మునిగి ఉన్నాడు. వ్యాను అతను హాల్లోంచి కేకేశాడు.

"డాక్టరుగారూ! కళాకుటీరానికి వెళ్ళాల్సిన కుర్చీలు ఇవేనాండీ?"

"అవే!" అన్నాడు డాక్టరు తల తిప్పకుండానే. "అన్నీ పట్టుకుపో. ఒక్కటి కూడా మిగలడానికి వీల్లేదు!"

తెరిచి ఉన్న తలుపులోంచి హాలు లాయరుకి బాగా కనిపిస్తోంది. ఆయన కళ్ళు పెద్దవి చేసి, చెయ్యెత్తి చూపిస్తూ, "ఊఁ! ఊఊఁ!" అని గోల పెట్టాడు.

"నొప్పిగానే ఉంటుంది సార్. ఓర్చుకోండి," అన్నాడు డాక్టరు.

పని ముగించి బయటికి వచ్చేసరికి హాలు బోసిపోయి ఉంది. పేషెంట్లు బుగ్గలు పట్టుకుని, హోంవర్కు చెయ్యని పిల్లల్లా గోడ పొడుగునా నిలబడి ఉన్నారు.

"ఎంత మంచి మనసు డాక్టరుగారూ మీది!" అంది వాచిన బుగ్గతో ఒకావిడ. "మేం నిలబడతాం, ఫరవాలేదు."

డాక్టరుకి విషయం అర్థమయ్యేలోపే ఆవిడ మందుల షాపులో ఈ సంగతి చెప్పేసింది. డాక్టరు తన కుర్చీలన్నీ మౌనం వాళ్ళకి ఇచ్చేశాడన్న మాట మందుల షాపు దాటేసరికి, డాక్టరు తనకున్నదంతా ఇచ్చేసి మౌనంలోకి వెళ్ళిపోతున్నాడని మారిపోయింది. మధ్యాహ్నానికి బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"బావా! నువ్వలా అన్నీ వదిలేసి పోతే అక్క గతేం కావాలి?"

"నేనెక్కడికి పోతున్నాన్రా?"

"ఊరంతా కోడై కూస్తోంది. సరే, పోయేవాణ్ణి ఆపలేం. స్కూటరు మాత్రం పరాయివాళ్ళకి ఇవ్వకు."

సాయంత్రం కాగానే డాక్టరు కుర్చీలు వెనక్కి తెచ్చుకుందామని కళాకుటీరానికి బయల్దేరాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. తీరా వెళ్ళేసరికి అక్కడ మౌనం నడుస్తోంది. తన కుర్చీల్లో అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. డాక్టరు గుసగుసగా ఏదో అనబోతే మాస్టారు పెదవుల మీద వేలు పెట్టాడు. డాక్టరు కుర్చీని చూపించి, తనను చూపించుకుని, చేత్తో గుమ్మం వైపు సైగ చేశాడు. మాస్టారు అర్థమైందన్నట్టు నవ్వి, తను లేచి, తన కుర్చీ గుమ్మం దగ్గర వేసి ఆయన్ని కూర్చోబెట్టాడు.

ఇక కూర్చోక తప్పలేదు. ఎదురుగా తుంటి నొప్పితో కర్ర ఊతమీద తిరిగే ఒక ముసలమ్మ, దిండుకి తల ఆనించి, చంటిపిల్లలా ప్రశాంతంగా ఉంది. ఆవిడ మొహం చూస్తున్నకొద్దీ డాక్టరు చెవులు వేడెక్కాయి. కళ్ళు మూసుకుంటే మేడమెట్ల కింద గది కనిపించింది. ఆ గంటలో ఆయన తన బతుకు గురించి ఆలోచించినంతగా అక్కడ ఇంకెవరూ ఆలోచించి ఉండరు.

మౌనం ముగియగానే మాస్టారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేం నోరు తెరిచి అడగలేనిది కూడా ఇచ్చారు. ఈ ఆదివారం దాతల సాయంత్రం. మీరు రెండు మాటలు మాట్లాడాలి."

కుర్చీలు తిరిగి ఇవ్వమని అడగడానికే డాక్టరు నోరు తెరిచాడు. "ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకండి," అని వచ్చింది.

ఇంటికి వస్తే భార్య గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"కొత్తవే ఇచ్చేశారటగా! పొద్దున నన్ను ఆటపట్టించడానికే అలా అన్నారన్నమాట. మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను, మా ఆయన బయటికి అలా ఉంటారుగానీ అని."

కాదని చెప్పడానికి అదే సమయం. డాక్టరు ఆ సమయాన్ని మంచినీళ్ళతో పాటు గుటుక్కున మింగేశాడు. పెళ్ళైన కొత్తలో కూడా ఆమె తనవైపు అలా చూసిన గుర్తు లేదు.

మర్నాటి నుంచి మెట్ల కింద కుర్చీలే హాల్లోకి వచ్చాయి. స్కూటరు సంగతి మళ్ళీ కదపడానికి వచ్చిన బావమరిది వాటిలో ఒకదానితో సహా నేలకూలాడు. పేషెంట్లు మాత్రం, "అంతా ఇచ్చేసి తనకోసం ఇలాంటివి ఉంచుకున్నాడు మహానుభావుడు," అని చెప్పుకున్నారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా డాక్టరు మాస్కు కళ్ళదాకా లాక్కునేవాడు.

ఆదివారం కళాకుటీరం కిటకిటలాడింది. భార్య ముందు వరసలో కూర్చుంది. డాక్టరు మైకు ముందు నిలబడి, ఆమె మొహం చూసి, ఇక లాభం లేదనుకున్నాడు.

"ఆ కుర్చీలు నేను ఇవ్వలేదండీ."

"ఆహా, ఎంత వినయం!" అన్నారెవరో. చప్పట్లు మోగాయి.

"వినయం కాదు, పొరపాటు!"

ఇంకా గట్టిగా మోగాయి.

"బాబూ, కాస్త ఆగండి! నేను ఇద్దామనుకున్నవి మెట్ల కింద పడి ఉన్న విరిగిన కుర్చీలు. పాత సామాన్లవాడు కూడా వద్దన్నవి. పని ధ్యాసలో చూసుకోక కొత్తవి పోయాయి. వెనక్కి పట్టుకెళ్దామనే వచ్చాను. మీరంతా పొగుడుతుంటే నోరు రాలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. బావమరిది పైకప్పు వైపు చూడసాగాడు. భార్య ఎటూ చూడలేదు, తల దించుకుంది. డాక్టరుకి ఆ సిమెంటు నేల కాస్త నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

అప్పుడు మాస్టారు నెమ్మదిగా లేచాడు. "విరిగినవా? అవింకా ఉన్నాయా?"

"ఉన్నాయి... ఎందుకు?"

"మాకు కావలసినవి అవేనండీ! వడ్రంగి ఒకాయన పెద్దవాళ్ళకి కుర్చీలు బాగుచెయ్యడం నేర్పిస్తానన్నాడు. విరిగినవి కావాలని రాస్తే ఇచ్చేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఉత్త కుర్చీలని రాశాను. తీరా మీరు బంగారం లాంటివి పంపారు. ఇవి వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వడ్రంగిని ఇన్నాళ్ళూ ఖాళీగా కూర్చోబెట్టాను, అదీ మీ కుర్చీలోనే." ఆయన మొహం కూడా ఎర్రబడింది. "రేపే మార్చుకుందాం. మీవి మీకు పంపించేస్తాను."

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. సరేనని చెప్పబోతుంటే, తుంటి నొప్పి ముసలమ్మ ఆ మాటలు విని, కర్ర మీద బరువు మోపి, కుర్చీలోంచి లేవడానికి తంటాలు పడుతూ కనిపించింది.

"కూర్చోండమ్మా," అన్నాడు డాక్టరు గబగబా. "ఇవీ ఉంచుకోండి, అవీ పట్టుకెళ్ళండి."

ఈసారి చప్పట్లు కాస్త ఆలోచించుకుని మోగాయి.

ఇంటికి వెళ్ళే దారిలో భార్య చాలాసేపు ముందు నడిచింది. గేటు దగ్గర ఆగింది.

"రేపు వ్యాను వస్తే మీరు బయటికి రాకండి. మీ పని మీరు చూసుకోండి, కుర్చీలు నేను చూపిస్తాను," అంది. గొంతులో ఇంకా కోపం ఉంది. అయినా గేటు ఆయన కోసం తెరిచి పట్టుకుంది.

ఆ వారమంతా డాక్టరుగారి క్లినిక్‌లో కూర్చోవాలంటే పన్ను పీకించుకోవలసి వచ్చింది.