మూడు పాత కోర్సులు

"గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల గోల్ఫ్ దాహం తీర్చడానికే నేను పుట్టాను" అని మంత్రిగారు గోపాల్‌పేట సభలో ప్రకటించగానే జనం చప్పట్లు కొట్టారు. దాహం దాకా అందరికీ అర్థమైంది. ఒకే క్లబ్బు, అందులో మూడు కోర్సులు, అంటే మూడు ఆట మైదానాలు. జిల్లా వాటాకు ఒకటి.

ఆ మైదానాలు రాబోయే సర్కారు భూమిలోనే రైతు కురుమయ్య వేసుకున్న పల్లి చేను ఉంది. వేరుశనగ పంట చేతికి రావడానికి ఇంకా ఇరవై రోజులు పడుతుంది.

"సోమవారం జేసీబీలు దిగుతయి" అన్నాడు స్పెషలాఫీసర్ శ్రవణ్ కుమార్. "ముందుగాల పేర్లు ఖరారు గావాలె. పేర్లు లేకుంటే శిలాఫలకం మీద ఏం చెక్కుతం?"

సోమవారానికి ఎన్ని రోజులో కురుమయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

పేర్ల కమిటీలో స్థానిక క్రీడాభిమాని ఒకరుండాలని నిబంధన. కురుమయ్య ఏనాడో కబడ్డీ ఆడాడని తేలడంతో ఆయన్నే కూర్చోబెట్టారు.

ఈస్ట్, వెస్ట్ అన్నారు. వాస్తు చూడకుండా దిక్కుల జోలికి పోవద్దన్నారు. రెడ్, బ్లూ, గ్రీన్ అన్నారు. ఏ రంగు ముట్టుకున్నా ఏదో ఒక పార్టీది. చివరికి మంత్రిగారే నోరు విప్పారు.

"నేను ఫారిన్‌ల చూసొచ్చిన. పెద్ద క్లబ్బులల్ల ఓల్డ్ కోర్స్ అని ఒకటుంటది. ఇజ్జతంత దానిదే."

వెంటనే మూడు జిల్లాల నాయకులూ ఓల్డ్ మాకంటే మాకని లేచారు. గద్వాలకు కోట ఉంది. వనపర్తికి సంస్థానం ఉంది. నాగర్‌కర్నూల్‌కు, తనకెప్పుడూ ఏమీ ఇవ్వలేదన్న కోపం ఉంది. కుర్చీలు గాల్లోకి లేచే సమయానికి కురుమయ్య చెయ్యెత్తాడు. ఆయన ఆలోచన వేరు. ఉన్న బావిని మళ్లీ ఎవరైనా తవ్వుతారా?

"సారూ, మూడూ పాతయే అనుండ్రి. లొల్లే ఉండది."

"తెలివంటే గిది!" అన్నారు మంత్రిగారు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. గద్వాల ఓల్డ్, వనపర్తి ఓల్డ్, నాగర్‌కర్నూల్ ఓల్డ్. మూడూ చిరకాలంగా ఉన్నవే. సోమవారం జేసీబీలు చేను గట్టు దాకా వచ్చాయి. శ్రవణ్ కుమార్ వాటికి అడ్డం నిలబడ్డాడు.

"ఉన్నదాన్ని మళ్ల తవ్వితే నా నౌకరి పోతది. వాపస్ పోండ్రి!"

ప్రభుత్వానికి ఇంత నికార్సయిన అధికారి దొరకడం అదృష్టమే. చిక్కల్లా ఒక్కటే. పాతవాటికి ప్రారంభోత్సవం చేయలేరు. అందుకని మంత్రిగారు స్వర్ణోత్సవం పెట్టారు.

ఏర్పాట్లకు మూడు వారాలు పట్టింది. ఆలోగా కురుమయ్య, ఆయన భార్య రేణుక పల్లి పీకేసి, కాయ తెంపి, బస్తాలు ఇంటికి చేర్చారు. ఆ ఏడాది కాయ బాగా ఊరింది. కురుమయ్యకు పట్టరాని సంతోషం. ఆ సంతోషంలోనే వేదికెక్కి, సీనియర్ గోల్ఫర్‌గా శాలువా కప్పించుకున్నాడు.

విలేకరి ఉమ మాత్రం పల్లి పీకిన మైదానం వైపే చూస్తోంది.

"పెద్దాయనా, యాభై ఏండ్ల మైదానమంటున్రు. గడ్డిపోచ లేదు, అంత గుంతలే. ఏంది గిది?"

కురుమయ్య శాలువా సర్దుకున్నాడు.

"ఆడిన్రు గదమ్మా."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. మైకు అందుకున్నారు.

"ఎంత ఆడిన్రు నా ప్రజలు! శ్రవణ్, మరమ్మతులకు రాసుకో."

శ్రవణ్ కుమార్ అప్పటికే రాస్తున్నాడు.