దరువు సందులో కాపురం

దరువుకీ దరువుకీ మధ్య ఉండే ఖాళీ ప్రభుత్వ పోరంబోకు కాబట్టి, అందులో అనుమతి లేకుండా నలభై ఏళ్ళుగా కాపురముంటున్న లెంక తవిటయ్య ఈ నెలాఖరుకల్లా ఇల్లు విడిచి వెళ్ళాలని నీలాలపేట తహసీల్దారు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అంటించడానికి గోడ కనపడక వీఆర్వో దాన్ని తవిటయ్య వీపుకే అంటించి, ఫొటో తీసుకుని వెళ్ళాడు. నిబంధనల ప్రకారం అది చెల్లుతుంది.

"వీపు మీద ఏటయ్యా అది?" అంది భార్య అసిరమ్మ.

"నోటీసంట. ఏటి రాసుందో సదువు."

"నువ్వు సదవనేదేటి?"

"నా వీపు నాకెలగ కనపడతాదే?"

అసిరమ్మ చదివింది. చదివి, కూర మాడుతోందని లోపలికి వెళ్ళింది. ఆమెకు బాగా కోపం వచ్చినప్పుడు ముందు చేసే పని అదే.

నీలాలపేటలో దరువులన్నిటికీ పట్టాలున్నాయి. భజన దరువు భజన సంఘం పేరు మీద, డ్రిల్లు దరువు బడి పేరు మీద, సభల్లో చప్పట్లు ఏ పార్టీవి ఆ పార్టీ పేరు మీద రికార్డుల్లో ఎక్కాయి. మధ్యలోని ఖాళీ మాత్రం బండి దారిలాగా, వాగు గట్టులాగా ఎవరిదీ కాదు. ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు. ఈ ఏడు ఒక కమిటీ కూర్చుని, దరువుల మధ్యలో ప్రజలు ఊరికే ఉంటున్నారనీ, ఆ కాస్త సేపట్లో వాళ్ళకి పథకాల గురించీ సబ్బుల గురించీ చెప్పవచ్చనీ తేల్చింది. ఖాళీని ప్రకటనల కంపెనీకి లీజుకిచ్చారు. కంపెనీవాళ్ళు మైకులతో వచ్చి చూస్తే లోపల ఎవరో బట్టలారేసుకుని ఉన్నారు.

తవిటయ్య అందులోకి వెళ్ళింది పాటల మీద. కుర్రతనంలో రేవులో మూటలు మోసేవాడు. ఏ దేశపు ఓడో తెలియదు, అందులో వంటవాడు ఒక బుట్టెడు పీతలు తీసుకుని, బదులుగా బిస్కెట్ల డబ్బా నిండా కేసెట్లు ఇచ్చాడు. వాటిలో మూడు రకాల పాటలుండేవి. పంక్ అనేది ఒకటి. మూడంటే మూడు స్వరాల మీద గిటారు బాదుతూ, గ్లాసులో టీ చల్లారేలోగా అరిచి ముగించేవారు. స్కా అనేది ఇంకొకటి. పెళ్ళి బ్యాండులో ఊదే బాకాలే అందులోనూ ఊదుతారు గాని, గిటారు మాత్రం దరువు మీద పడదు, దరువు అయ్యాక పడుతుంది. న్యూవేవ్ అనే మూడోదాంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి మిషను పక్కన నిలబడి దిగులుగా పాడుతున్నట్టుంటుంది. తవిటయ్య పంక్‌తో తలుపు తన్నాడు, స్కాతో నేల చదును చేసుకున్నాడు, న్యూవేవ్‌తో లైట్లు పెట్టుకున్నాడు. ఆ వారమే సామాను చేర్చేశాడు.

ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాకపోయినా ఆ పాటల్లో అతనికి అర్థమైంది ఒకటుంది. కోపం వచ్చినవాడు మూల కూర్చుని ఏడవక్కర్లేదు, గంతులెయ్యొచ్చు. ఈ సంగతి తోటి కూలీలకు చెప్పి చూశాడు. వాళ్ళు జాలిగా విని బీడీ ఇచ్చారు. అప్పటి నుంచీ ఒక్కడే విన్నాడు. నలభై ఏళ్ళుగా ఒక పాట అయిపోయాక "బాగుంది కదా" అని పక్కకి తిరిగి చూడటం, పక్కన ఎవరూ లేకపోవడం అతనికి అలవాటే. అసిరమ్మ ఉండేది గాని, "పీత కరిసినోడిలాగ ఆ అరుపులేటి" అనేది.

నోటీసు వచ్చిన మర్నాడు బావమరిది సూరన్న వచ్చాడు.

"బావా, మా ఇంటికొచ్చీయండి. మంచి దరువు మీదున్న ఇల్లు. అందరూ అడుగెట్టినప్పుడు అడుగెట్టండి, ఇంకేటీ అక్కర్లేదు."

మొగుడూ పెళ్ళాలు వెళ్ళారు. అంతా సదుపాయంగానే ఉంది. రెండో రోజు సూరన్న తవిటయ్యని బజారులో జరిగే సభకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన తవిటయ్య అరుగు మీద కూర్చుని తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"సప్పట్లు కొట్టీసినానే" అన్నాడు.

"ఎందుకు కొట్టినావు?"

"అందరూ కొట్టినారు. సెయ్యి దానంతటదే ఎల్లిపోయింది."

"మైకులో ఆడేటి సెప్పినాడు?"

"ఇంకా సెప్పనేదు. నోరు తెరిసినాడంతే."

దరువు సందులో ఉన్నవాళ్ళకి మాట చెవిన పడటానికీ చెయ్యి లేవడానికీ మధ్య కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే వాళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఏది ఒప్పుకోవాలో ఏది ఒప్పుకోకూడదో తేల్చుకున్నారు. చోటు పోతే అది కూడా పోతుంది.

"ఇంకో వారం ఇక్కడుంటే ఈ సెయ్యి నాది కాదే" అన్నాడు తవిటయ్య.

"లెగు, ఎల్లిపోదాం" అంది అసిరమ్మ. ఆ సాయంత్రమే తిరిగి వచ్చేశారు.

ఆక్రమణను కొలవడానికి సర్వేయరు మజ్జి గౌరీశ్వరరావు గొలుసు పట్టుకుని వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, బొజ్జ ఉంది. ఎన్నిసార్లు అడుగు వేసినా దరువు మీదే పడి ఇవతలే తేలుతున్నాడు.

"అడుగెయ్యాలనిపించినప్పుడు ఎయ్యకండి బావూ" అన్నాడు తవిటయ్య లోపల్నుంచి. "ఆగండి. ఎయ్యాలన్న తొందర పోయాక ఎయ్యండి."

"గవర్నమెంటు ఉద్యోగిని, ఆగడం నాకు కొత్తా?" అన్నాడు సర్వేయరు. అయినా ఆలస్యమైంది. చివరికి తవిటయ్య ఒక స్కా కేసెట్టు పెట్టాక, గిటారు "చక్" అన్నచోట కాలు పెట్టి, బొజ్జతో సహా లోపలికి వచ్చిపడ్డాడు.

బయట నుంచి కనురెప్పపాటంత ఉన్న స్థలం లోపల చాలా విశాలంగా ఉంది. గొలుసు చాలలేదు. హద్దు రాయి కోసం వెతుకుతూ పోయిన సర్వేయరుకి నేల మీద నున్నగా అరిగిన గుంటలు కనిపించాయి. పదీ ఇరవై కాదు, చూసినంత మేరా ఉన్నాయి. తవిటయ్య ఎన్నడూ అంత దూరం వెళ్ళలేదు. అతనికీ అవి కొత్తే.

"ఇవి ఎవరు తవ్వారు?"

"తవ్వనేదు బావూ, దంపినారు" అంది అసిరమ్మ. "ఒక రోట్లో ఇద్దరం దంపుతాం కదా. ఒకామె రోకలి దిగితే రెండో ఆమెది పైనుండాల. అది లెగిసినాక ఇది దిగాల. రెండూ ఒక్కసారి దిగితే సేతులిరిగిపోతాయి. రెండో రోకలి దిగేది ఈ సోటే. అదిగో, ఆ గుంట మా అమ్మది. ఆ ఏటవాలుది మా అప్పది, దానికి భుజం నొప్పి."

తవిటయ్య పెళ్ళాం వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"పెళ్ళయ్యి ఒచ్చిన రోజే తెలుసు. నేకపోతే సూటిగా గడప దాటి లోనికెలగ ఒచ్చినాననుకున్నావు?"

"నా పాట వల్లనుకున్నాను."

"ఓడలోంచి తెచ్చుకున్నానని మురిసిపోతన్నావు. ఎందుకు సెడగొట్టాలని ఊరుకున్నాను."

తవిటయ్య అక్కడే గొంతుక్కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఇది ఫారిన్ సరుకనే నమ్మకంతో ఉన్న మనిషి. సర్వేయరు మర్యాదగా వేరేవైపు చూశాడు. కాసేపటికి తవిటయ్య, "మరి ఆ దేశపోళ్ళకి ఈ సోటు ఎలగ తెలిసిందే?" అని అడిగాడు.

"ఆళ్ళ అమ్మలూ దంపుకునే బతికుంటారు" అంది అసిరమ్మ.

విచారణ రోజున కంపెనీ తరఫు మనిషి టై కట్టుకుని వచ్చాడు. విదేశీ పాటల ద్వారా ప్రవేశించిన కారణంగా తవిటయ్యది స్థానిక నివాసం కాదనీ, వెంటనే ఖాళీ చేయించాలనీ చదివాడు. తహసీల్దారు వసుంధరాదేవి విని, అసిరమ్మను మీరేమంటారని అడిగింది. అసిరమ్మా, ఆమె తోటికోడలు పైడితల్లీ కలిసి బయట నుంచి రోలు దొర్లించుకొచ్చారు. హాల్లో ఫ్యాను కింద నిలబెట్టి వడ్లు పోశారు.

పైడితల్లి రోకలి మొదటిది, అసిరమ్మది రెండోది. దంపుడు కుదురుకున్నాక తవిటయ్య కేసెట్టు వేశాడు. బాకాలు లేచాయి. గిటారు పడిన ప్రతిచోటా అసిరమ్మ రోకలి పడింది. ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు. ఆఫీసులో ముద్రలు వేస్తున్న గుమస్తా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కంపెనీ మనిషి అభ్యంతరం చెప్పబోయాడు. ఎప్పుడు నోరు తెరిచినా అక్కడ రోకలి పడుతోంది. ఎప్పుడు తెరవాలో తెలియక మూసుకున్నాడు.

వసుంధరాదేవి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సర్వేయరు గారూ, ఈ పాటా ఆ రోకలీ ఒకే సర్వే నంబరా?"

"ఒకటేనండి మేడమ్. నేను కూడా లోపలికెళ్ళి చూశాను."

"ఎలా వెళ్ళారు?"

"ఆగి వెళ్ళానండి."

ఆవిడ దస్త్రం గుమస్తా వైపు జరిపింది. "ఇది పోరంబోకు కాదు. పట్టాలు పుట్టకముందు నుంచీ జనం కాపురమున్న చోటు. గ్రామకంఠం కింద రాయండి" అంది. గ్రామకంఠం ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. దాన్ని లీజుకివ్వడానికి లేదు. అలాగే, వచ్చినవాణ్ణి రావద్దనడానికి కూడా లేదు.

"అంటే అందరూ ఒచ్చీయొచ్చాండీ?" అన్నాడు తవిటయ్య.

"మీకేమైనా అభ్యంతరమా?"

"అయ్యో, నేదమ్మా" అన్నాడు.

నెల తిరక్కుండా నీలాలపేట దాదాపు అంతా దరువు సందులోకి మారింది. ముందు చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు, తర్వాత ఆటోవాళ్ళు, బడి పంతుళ్ళు. సర్వేయరు సెలవు రోజుల్లో కుటుంబంతో వస్తున్నాడు. కరెంటు, కుళాయి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని ఆఫీసు తెలియజేసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇటు పట్టాదారులు కూడా వెళ్ళిపోయి దరువులు ఖాళీ అయ్యాయి కాబట్టి ప్రభుత్వం వాటినే కంపెనీకిచ్చింది. ఇప్పుడు భజన దరువు మీద ఎరువుల ప్రకటన, డ్రిల్లు దరువు మీద పింఛన్ల ప్రకటన వస్తున్నాయి. ఎవరూ కాపురముండని చోట వినిపిస్తున్నాయి గనక ఫిర్యాదులు లేవు. కంపెనీ సంతోషంగా ఉంది. ప్రకటనలు దరువు మీదా, మనుషులు మధ్యనా ఉండటం కొత్తగా వచ్చిన ఏర్పాటని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

మొన్న సాయంత్రం తవిటయ్య గుమ్మంలో పాతికమంది పోగయ్యారు. పంక్ కేసెట్టు తిరుగుతోంది. పాట అయిపోగానే తవిటయ్య అలవాటు చొప్పున, "బాగుంది కదా" అని పక్కకి తిరిగాడు. పక్కన చేపల బుట్ట దించుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది.

"ఆడెవడు నాయనా, అంత కోపంగున్నాడు?" అంది.

"తెల్దమ్మా."

"ఏటంటన్నాడు?"

"అదీ తెల్దు."

"పర్నేదు. మనకీ అంతే కోపముంది. మళ్ళీ ఎయ్యి" అంటూ మోకాలు పట్టుకుని లేచింది.

తవిటయ్య మళ్ళీ వేశాడు. ముసలామె గంతేసింది, సర్వేయరు గంతేశాడు, పాట రుచించని అసిరమ్మ కూడా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అంతలో దరువు పడింది. అర్హులందరికీ ఏదో మంజూరైందని మైకు చెప్పింది. అది చెప్పడం అయ్యేదాకా పాతికమందీ ఒక కాలు పైకెత్తి, నవ్వు ఆపుకుంటూ నిలబడ్డారు.

అయ్యాక దించారు.