దుర్గయ్య నడుం పట్టీ

ఆ ఉదయం దుర్గయ్య వేసుకున్న పథకం చిన్నదే. సారయ్య కుట్టిన తోలు ఒర తొడుక్కోవాలి, జొన్నరొట్టె తినాలి, ఎండెక్కక ముందే పోలీసు చౌకీ దాటి, కొడకండ్ల అవతలి గుట్టల్లో ఉన్న దళాన్ని కలవాలి. దొర గడీ మీద దాడిలో దొరికిన పిస్తోలును సంఘం అతనికి అప్పగించి వారమైంది. దాన్ని రోజూ వెంట ఉంచుకుని కబుర్లు చేరవేయడం అతని పని. చౌకీలో దొరికితే చెట్టుకు కట్టి కాలుస్తారు.

అయితే వారంగా అతన్ని తిననివ్వనిది చావు కాదు, పిస్తోలు. జానెడున్నర ఇనుము. నడుం పక్కన దోపితే తుంటి ఒరుసుకుపోయింది. వీపున పెడితే కూర్చోవడం కుదరలేదు. చంకలో వేలాడదీస్తే చేతులెత్తి దండం పెట్టలేకపోయాడు. దండం పెట్టని మనిషిని పోలీసులు ఇట్టే పసిగడతారు. భయాన్ని ముఖంలో దాచుకోవచ్చు గాని నొప్పి నడకలో బయటపడుతుందని అతనికి అర్థమైంది.

"పొత్తికడుపు మీద ఏటవాలుగ పెట్టినం జూడు," అన్నాడు చెప్పులూ మోట తోళ్లూ కుట్టే సారయ్య. "మెత్తటి మేకతోలు. బరువంత భుజం పట్టీ మీదికి వోతది. పైన గొంగడి కప్పుకుంటె ఎవనికి కనవడది."

"కూసుంటె పొడుస్తదా సారన్నా?"

"కూసొని చూడరాదే!"

దుర్గయ్య కూర్చున్నాడు. లేచాడు. వంగాడు. వారం తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చి, సారయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని తల్లి యాకమ్మ రొట్టె మూటతో వాకిట్లోకి వచ్చింది. కొడుకు పొత్తికడుపు మీద తోలుపట్టీ, దాని కింద పెద్ద ఉబ్బు.

"బుడ్డ దిగిందవ్వా," నోటికొచ్చింది అనేశాడు సారయ్య. "గందుకే పట్టీ కట్టిన."

యాకమ్మ ఒక్క క్షణం కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత వీధిలోకి పరుగెత్తి గుండెలు బాదుకుంది.

పక్కింటి యాదమ్మ వరిబీజానికి మంచిదని ఆముదం తెచ్చింది. ఇంకొకామె ఉప్పుమూట వేడిచేసి, కాపడం పెడతానని పంచె మీద చేయి వేయబోయింది.

"నీ కాల్మొక్త అక్కా, వద్దు!"

"సిగ్గువడితె సస్తవురా!"

ఎదురింటి సాంసన్ జనగామ దవాఖానకని తన ఎడ్లబండి కట్టాడు. ఎవరి కంటా పడకుండా దాటాలనుకున్న చౌకీకి దుర్గయ్య ఇరవై మందితో, ఏడుపులతో, బండిలో వెల్లకిలా పడుకుని చేరుకున్నాడు. దారిలోనే తన గురించి ఒక సంగతి తెలిసింది: అతని సిగ్గు అతని భయం కన్నా పెద్దది. కాల్చినా సరే, ఊరు ఆ రోగం పేరు ఎత్తడం మానితే చాలనిపించింది.

జమేదారు బండి ఆపి, గొంగడి మీద నుంచే తడిమాడు. "ఏందిరా, గింత గట్టిగున్నది?"

"ముట్టకు నాయినా, పగులుతది!" యాకమ్మ కేక పెట్టింది.

జమేదారు చేయి నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. అందరినీ దూరం పొమ్మని కసిరి, దుర్గయ్య చెవి దగ్గరికి వంగాడు.

"నాకు గూడ మూడేండ్ల సంది ఉన్నది. ఎవలకు చెప్పకు. గీ పట్టీ ఎవడు కుట్టిండు?"

"మా సారన్న," అన్నాడు దుర్గయ్య, ఊపిరి బిగబట్టి.

బండి కదిలింది. గుట్టల మలుపు తిరిగాక యాకమ్మ, నొప్పి తగ్గిందని చెప్పి కొడుకును దింపి, బండితో సహా అందరినీ ఇంటికి పంపి, రొట్టె మూట అతని చేతిలో పెట్టింది.

"నీకు ఎరికేనా అవ్వా?"

"వారం సంది పిస్తోల్ పక్కల వెట్టుకొని పండుకుంటివి. కన్నదానికి ఎరిక గాదా? ఒక్కనివి పోతె పట్టుకుందురు. ఊరంత ఏడ్చుకుంట పోతె ఎవనికి అనుమానమొస్తది?"

దుర్గయ్య మూట విప్పి రొట్టె విరిచాడు. ఆముదం గిన్నె, ఉప్పుమూట, సాంసన్ ఎడ్లు వరుసగా కళ్ల ముందుకొచ్చాయి. ఏం మోస్తున్నారో తెలియకుండానే వాళ్లంతా తనను మోశారు. ఆ మాట వాళ్లకు చెప్పి దండం పెట్టే వీలు కూడా లేదు. తల్లికి పెట్టాడు. చేతులు రెండూ సులువుగా పైకి లేచాయి.

నాలుగు రోజుల తర్వాత సారయ్య, ఆ ఒక్క నమూనా తప్ప మరొకటి తెలియక, అచ్చు అలాంటిదే జమేదారుకు కుట్టి ఇచ్చాడు. పట్టీ చాలా సుఖంగా ఉందనీ, దానికున్న సంచి మాత్రం పాన్ డబ్బాకు కాస్త పొడవైందనీ జమేదారు కబురు పంపాడు.