గట్టి ఉండల సూపు

మంగళవారం పొద్దున్న చిన్న కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి వెళ్ళేదాకా ఆగి, పెద్ద కోడలు వంటింటి తలుపు దగ్గరగా వేసింది. మధ్యాహ్న భోజనానికి ఇటలీ వాళ్ళ మాంసపు ఉండల సూపు చెయ్యాలని ఆమె ఆలోచన. తినాలని కోరిక పుట్టి కాదు. ఆ సూపు పేరెత్తితే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఆ మంట ఆదివారం అంటుకుంది. సెలవు కదా అని చిన్న కోడలు సరదాపడి ఆ సూపు చేసింది. మామగారు ఒక గిన్నె తాగి, ఇంకో గిన్నె అడిగి, "బాగుంది" అన్నారు. ఆయన గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. మాటల్ని కూడా చిన్న చిన్న స్క్రూల్లా జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేసుకుంటారు. పెళ్ళయి ఈ ఇంట అడుగు పెట్టినప్పటి నుంచీ పెద్ద కోడలు రెండు పూటలా వండి పెడుతూనే ఉంది. ఆయన నోట "ఉప్పు" అన్న మాట వింది, "చాలు" అన్న మాట వింది. "బాగుంది" అన్న మాట ఆయనకు వచ్చని ఆదివారమే తెలిసింది. అప్పటి నుంచి ఏ పని చేస్తున్నా ఆ మాట ఆమె చెవి దగ్గర దోమలా తిరుగుతూనే ఉంది.

ఎలా చేశావని తోడికోడలిని అడిగితే సరిపోయేది. కానీ అడగడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడమే. పైగా ఆదివారం తనూ వంటింట్లోనే ఉంది, అంతా చూసింది. కాకపోతే చూడనట్టు చూసింది. చిన్న కోడలు ఇటు తిరిగినప్పుడల్లా ఈమె పైకప్పు వైపో, కుళాయి వైపో తల తిప్పేసింది. అందువల్ల ఖీమాలో చీజ్ తురిమి వేయడం కనిపించింది కానీ గుడ్డు కొట్టడం కనిపించలేదు. పాలు పోయడం కనిపించింది కానీ అందులో బ్రెడ్డు నానబెట్టడం కనిపించలేదు. ఆ పాలు కాఫీకి అనుకుంది.

ఎముకల నీళ్ళు మరిగాయి. ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలు ఉడుకుతున్నాయి. పాలకూర, బుల్లి పాస్తా పక్కన సిద్ధంగా ఉన్నాయి. ఖీమాలో చీజ్ కలిపి ఉండలు చుట్టి గిన్నెలో వదిలింది. కాసేపు అవి ఉండల్లాగే ఉన్నాయి. నీళ్ళు తెర్లగానే విడిపోయి ఎక్కడివక్కడ చెదిరిపోయాయి.

సరిగ్గా అప్పుడే, మరిచిపోయిన కొలత టేపు కోసం ఆమె భర్త ఇంటికి వచ్చాడు. ఆయన తాపీమేస్త్రి. గిన్నెలోకి తొంగి చూసి, కూలిన గోడ ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఏంటే ఇది?"

"సూపు. మీ నాన్నగారికి."

"ఇందులో పట్టు ఏదే? పట్టు లేకుండా మాలు కలుపుతారా ఎవరైనా?"

"మీ సిమెంటు గోల నాకెందుకండీ?"

"ఏదైనా ఒకటే. జరుగు."

పెద్ద కోడలికి వేరే దారి తోచలేదు. మేస్త్రి చేతులు కడుక్కుని, మిగిలిన ఖీమాలో ఒకటికి రెండు పాళ్ళు మైదా పోశాడు. నీళ్ళు ఎక్కువైతే బీటలిస్తుందని చుక్కలు చుక్కలుగా చిలకరించాడు. చేత్తో కలిపితే సమంగా రాదని సంచిలోంచి కొత్త తాపీ తీసి, కడిగి, దాంతో తిరగేసి మరగేసి కలిపాడు. ఒక్కో ఉండను రెండు అరచేతుల మధ్య పళ్ళు బిగబట్టి నొక్కాడు. చివరికి అన్నిటినీ చల్లటి నీళ్ళలో వేసి, "నీళ్ళు పట్టాలి. అప్పుడే గట్టిపడేది" అన్నాడు.

ఉడికాక ఒక ఉండ గరిటె మీంచి జారి కింద పడింది. టప్పుమని మోగి, దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది.

"చూశావా? ఎక్కడా పగుల్లేదు!" అన్నాడు మేస్త్రి.

పెద్ద కోడలు కూడా సంతోషించింది. చిన్న కోడలి ఉండలు చెంచా తగిలితే విరిగేవి. ఇవి అలాంటివి కావు.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. దుకాణానికి రంగులు వేస్తున్నారని చిన్న కోడలిని ముందే పంపేశారు. పెద్ద కోడలు సూపు గిన్నె మీద మూత పడేసింది. మేస్త్రి చేతిలో తాపీ, పళ్ళెంలో మిగిలిన ముద్ద మాత్రం అలాగే ఉండిపోయాయి.

"బావగారూ! వంటింట్లో తాపీ ఏంటండీ?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. "సింకు వెనకాల ఎలక కన్నం ఉంది కదా, పూడుస్తున్నారు" అంది ఆమె.

"హమ్మయ్య! ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నానో. కానివ్వండి, నేను లైటు పట్టుకుంటాను."

ఇక తప్పలేదు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, వంద గ్రాముల చీజ్ కలిపిన మాంసాన్ని గోడ కన్నంలోకి కూరడం మొదలుపెట్టాడు.

"ఎర్రగా ఉందేంటి బావగారూ?"

"ఇటుక పొడి కలిపానమ్మా."

"చీజ్ వాసన వస్తోందే?"

"అది ఎలక కోసం" అంది పెద్ద కోడలు తొందరపడి.

"ఎలక రాకుండా కన్నం పూడుస్తూ, ఎలక కోసం చీజ్ పెడతారా అక్కా?"

"లోపలే కూర్చుని వాసన చూసుకుంటుంది. బయటికి రాదు" అన్నాడు మేస్త్రి. ఆ మాట తనకే నచ్చి తాపీతో నున్నగా మెత్తాడు.

ఈలోగా మామగారు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఏమీ అడగలేదు. ఎప్పుడూ అడగరు, కూర్చుంటారంతే. చిన్న కోడలు వడ్డించబోయి గిన్నె మూత తీసింది.

"అక్కా! ఇది నా సూపు కదా!"

"నీ సూపేంటమ్మా? దాని మీద నీ పేరుందా?"

"ఈ ఇంట్లో నేను చేసినవాటిలో ఎవరైనా బాగుందన్నది ఆ ఒక్కదాన్నే అక్కా. అది కూడా తీసేసుకుంటావా?" అంది చిన్న కోడలు.

"నీకు ఒక్కసారైనా అన్నారు. నాకు అదీ లేదు" అంది పెద్ద కోడలు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది బయటపడ్డందుకు తన మీద తనకే కోపమొచ్చి, గిన్నె నిండా ఉండలు వేసి మామగారి ముందు ఠపీమని పెట్టింది. "తినండి మామయ్యగారూ. తిని, ఎవరిది బాగుందో ఇవాళ మీరే చెప్పండి."

ఇద్దరు కోడళ్ళూ చెరోవైపు నిలబడ్డారు. మేస్త్రి తాపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మామగారు ఒక ఉండ నోట్లో పెట్టుకుని కొరికారు.

'టక్' మంది.

మామగారు దవడ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా ఉండను నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఉండకు ఏమీ కాలేదు. దానిలో ఆయన పన్ను దిగబడి ఉంది.

"అయ్యో మామయ్యగారూ!" అంది పెద్ద కోడలు. ఇక ఈ జన్మకి "బాగుంది" అన్న మాట వినే యోగం తనకు లేదని తేలిపోయింది.

మామగారు నాలుకతో ఖాళీని తడుముకున్నారు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"వారం నుంచి సలుపుతోంది వెధవ పన్ను. డాక్టరంటే భయమేసి చెప్పలేదు" అన్నారు. అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. "ఆదివారం నమలక్కర్లేకుండా గొంతులోకి జారిపోయాయని రెండో గిన్నె అడిగా. రుచేంటో నాకు తెలీదు."

చిన్న కోడలు కుర్చీలో కూలబడింది. పెద్ద కోడలు మాత్రం నిలబడే ఉంది. మామగారు ఆమె వైపు తిరిగి, పన్నుతో సహా ఉండను పైకెత్తి చూపిస్తూ అన్నారు:

"బాగుందమ్మాయ్. రేపు కూడా చెయ్యి. అటువైపు ఇంకోటి కదులుతోంది."

పెద్ద కోడలు ఆ మాటల్లో మొదటి సగమే వింది. దురదృష్టవశాత్తూ చిన్న కోడలు కూడా అంతే వింది.